కొల్లేరు చుట్టూ గుంపుగా ఒక రోజు: రూటు, గాలి, సంక్రాంతి తర్వాత రైడు

ఏలూరు_పెడల్ | ఆదివారం రాత్రి 8:40

ఈరోజు పొద్దున ఏలూరులో బయల్దేరి, కొల్లేరు చుట్టి, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఏలూరు చేరాం. పద్నాలుగు మందిమి. ఏలూరు, కైకలూరు, ఆకివీడు, గణపవరం, నారాయణపురం, భీమడోలు, గుండుగొలను, ఏలూరు. అటూ ఇటూగా 120 కిలోమీటర్లు. సంక్రాంతి వెళ్లాక ఇదే రూటులో ఇంకో రైడు పెడుతున్నాం. వచ్చేవాళ్ల కోసం వివరంగా రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం. కొల్లేరుకి ట్యాంక్‌బండ్ లాగా చుట్టూ గట్టు రోడ్డు ఉండదు. రోజంతా నీళ్ల పక్కనే తొక్కుతామని ఎవరూ అనుకోవద్దు. ఏలూరు–కైకలూరు రోడ్డు మాత్రం కొల్లేట్లోంచే పోతుంది, చాలా దూరం రెండు పక్కలా నీళ్లే. మిగతా దారంతా చేపల చెరువులు, వరిచేలు, కాలువలు, ఊళ్లు. ఆ మార్పు చూడ్డానికే నేనైతే వెళ్తాను.

ఆరుంపావుకి కదిలాం. ఊరు దాటేసరికి పొగమంచు పట్టేసింది. ముందు సైకిల్‌కి వెనకున్న ఎర్ర లైటు తప్ప మనిషి ఆనలేదు. ఒకరి వెనక ఒకరం, గంటకి 15కి మించకుండా పోయాం. పక్కపక్కన తొక్కడం, కబుర్లు అన్నీ బంద్. ఆ టైములో చేపల లారీలు ఎక్కువ. వాటిలోంచి ఐసు నీళ్లు కారి రోడ్డు మీద సన్నటి తడి చార ఉంటుంది, జిగురుగా. దానిమీద బ్రేకు గట్టిగా పట్టుకుంటే వెనక చక్రం జారుతుంది. చారకి పక్కగా తొక్కండి.

పెదఎడ్లగాడి వంతెన దగ్గరకి వచ్చేసరికి మంచు విడింది. అక్కడ పావుగంట ఆగాం. కింద గుర్రపుడెక్క దట్టంగా ఉంది, దాని మీద కొంగలు నడుస్తున్నాయి. గుర్రపుడెక్క మధ్యలోంచి ఒకాయన దోనె గెడతో నెట్టుకుంటూ వస్తున్నాడు. గెడ దిగేసినప్పుడల్లా ఆకుల గుంపు మొత్తం ఒక్కసారి పైకి లేచి మళ్లీ కూర్చుంటోంది. మాలో చాలామంది ఫోన్లు తీయకుండా చూస్తూ నిలబడ్డారు.

కైకలూరులో టిఫిన్. పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. అటవీ శాఖవాళ్లు నీళ్లలో ఇనప స్టాండ్లు పెట్టారు, గూడబాతులు వాటి మీద గూళ్లు కడతాయి. అరగంట చాలదు, గంట పెట్టుకోండి.

కైకలూరు నుంచి ఆకివీడు వరకు హైవే. ఆకివీడు ముందు ఉప్పుటేరు దాటతాం. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయే దారి అదే. జిల్లాలు మారకముందు కృష్ణాకీ పశ్చిమ గోదావరికీ హద్దు కూడా అదే.

అసలు సంగతి ఆ తర్వాత. ఆకివీడు నుంచి గణపవరం దాకా ఈశాన్యపు గాలి ఎదురు. పొద్దున పక్కనుంచి తగిలిన గాలే ఇప్పుడు మొహాన కొడుతుంది. అప్పటిదాకా ఒకే గుంపుగా ఉన్నవాళ్లం ఆ ఇరవై కిలోమీటర్లలో మూడు ముక్కలయ్యాం. ముందున్నవాళ్లకి వెనకవాళ్లు కనబడలేదు, వెనకున్నవాళ్లు ఒంటరిగా గాలిని మోశారు. ఈ రైడు కుదిరేదీ చెడేదీ ఆ ముక్కలోనే అని నా అభిప్రాయం. వచ్చేసారి అక్కడ అందరం కలిసే ఉండాలి. దీనిమీద మీరేమంటారో చెప్పండి.

బెజవాడ_రాండో | ఆదివారం రాత్రి 9:25

బాగా రాశారండీ. కానీ చివరి మాటతో నేను ఒప్పుకోను. పద్నాలుగు మందిని ఒకే తాడుకి కట్టి ఎదురుగాలిలో లాగడం ఎవరికీ మంచిది కాదు. వేగంగా తొక్కేవాడు తన తీరుకి చాలా తక్కువగా తొక్కుతూ అలసిపోతాడు, నెమ్మదిగా తొక్కేవాడు అందరినీ ఆపుతున్నానని టెన్షన్ పడి తన శక్తికి మించి తొక్కుతాడు. బ్రెవేల్లో, అంటే గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిల్ రైడుల్లో, ఎవరి తీరున వాళ్లు తొక్కుతారు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు టైమిస్తారు, మధ్యలో కంట్రోలు పాయింట్లు ఉంటాయి, అక్కడ కలుసుకుంటారు. ఇక్కడా అంతే చేయండి.

ఏలూరు_పెడల్ | ఆదివారం రాత్రి 9:50

అన్నా, బ్రెవేకి వచ్చేవాళ్లు పంక్చరు వేసుకోవడం, దారి చూసుకోవడం అన్నీ తెలిసి వస్తారు. మా గుంపులో సగం మందికి ఇదే మొదటి వంద. వాళ్లు ఒంటరైపోతే మళ్లీ రారు. నాకు ఆ బాధే.

భీమవరం_వీల్స్ | ఆదివారం రాత్రి 10:15

నేను ఈరోజు ఆ మూడో ముక్కలో ఉన్నాను. ఎదురుగాలి కంటే ముందు ఎవరూ లేకపోవడమే కష్టం అనిపించింది. ముందు ఒక మనిషి ఉంటే, వాళ్ల చక్రం వెనక దగ్గరగా ఉంటే, శ్రమలో నాలుగో వంతు దాకా ఆదా అవుతుంది. అది తెలిసి కూడా అందుకోలేని దూరంలో ఉంటే కాళ్లు ఇంకా బరువైపోతాయి.

ఇంకో విషయం, ఆడవాళ్ల తరఫున. కైకలూరు దాటాక బాత్రూమ్ ఎక్కడ అన్నది ముందే ఖాయం చేయండి. దానికి భయపడి నీళ్లు తాగడం మానేస్తాం. ఈరోజు మేం ముగ్గురం అదే చేశాం, గణపవరంలో ఒకమ్మాయికి కళ్లు తిరిగాయి. పెట్రోల్ బంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిలో ఏది శుభ్రంగా ఉందో రూటు మ్యాపులో గుర్తు పెట్టండి. ఇది చిన్న విషయం అనుకోకండి.

ఏలూరు_పెడల్ | ఆదివారం రాత్రి 10:30

పెడతాం అక్కా. ఈ వారంలోనే బైకు మీద వెళ్లి చూసొచ్చి మ్యాపులో వేస్తాను.

తణుకు_తమ్ముడు | సోమవారం ఉదయం 7:10

అన్నయ్యలూ, నాది గేర్ల హైబ్రిడ్. ఇప్పటిదాకా 50 కిలోమీటర్లు దాటలేదు. సంక్రాంతి రైడుకి రావచ్చా? రోడ్ బైకు లేకపోతే కుదరదా?

బెజవాడ_రాండో | సోమవారం ఉదయం 7:45

రా తమ్ముడూ. కొల్లేటి రూటులో ఎత్తు అనేదే లేదు, అంతా డెల్టా నేల. నీ సైకిల్‌కి ఏ ఇబ్బందీ లేదు. సీటు ఎత్తు సరిచేసుకో: మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కితే మోకాలు పూర్తిగా చాపుకోవాలి. బరువు గేరులో కష్టపడి తొక్కకు, తేలిక గేరులో నిమిషానికి 80 చుట్లు తిరిగేలా చూసుకో. ఈలోపు రెండు ఆదివారాలు 70, 80 తొక్కు. ఎత్తుపల్లాలు లేని రూటులో ఒక చిక్కు ఉంది, దిగుడు ఉండదు కాబట్టి కాళ్లకి విశ్రాంతే ఉండదు. చేతులు, నడుము కూడా ఒకే భంగిమలో బిగుసుకుపోతాయి. పావుగంటకోసారి లేచి నిలబడి తొక్కడం అలవాటు చేసుకో.

తిండి సంగతి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. అంటే రెండు అరటిపళ్లు అనుకో. వేరుశనగ ఉండలు జేబులో పడేసుకో. ఉత్త నీళ్లే లీటర్లు లీటర్లు తాగకు, ఓఆర్‌ఎస్ కలుపుకో. ఇడ్లీ మంచిది. పూరీ, నూనె ఓడే వడ తిన్నవాళ్లు ఆకివీడు వచ్చేసరికి కడుపు పట్టుకుంటారు.

లంకమనిషి | సోమవారం ఉదయం 11:20

నేను సైకిల్ గుంపువాణ్ణి కాదండి. మాది కొల్లేరు లంక ఊరు. నిన్న మీరు పోతుంటే చూశాను. ఇక్కడ మా అబ్బాయి చూపిస్తే రాస్తున్నాను.

మీరు వచ్చినందుకు సంతోషం. మా ఊళ్ల మీంచి కార్లు అద్దాలు ఎక్కించుకుని పోతాయి, సైకిలోళ్లు ఆగి మాట్లాడతారు. కొన్ని సంగతులు చెబుతాను, ఏమీ అనుకోకండి.

చెరువు గట్ల మీదకి ఎక్కకండి. ఫోటో కోసమే ఎక్కారని మీకు తెలుసు, కాపలావాడికి తెలీదు. చేపల దొంగతనాలు ఉంటాయి, రాత్రంతా మేలుకుని ఉంటాడు, కోపంగా అరుస్తాడు. అడిగితే వాడే దగ్గరుండి చూపిస్తాడు. ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే మోటార్ల) కరెంటు వైర్లు గట్టు మీద గడ్డిలోనే ఉంటాయి, అది ఇంకో భయం.

పక్షులు నీళ్ల అంచున ఉన్నప్పుడు ఎగిరితే ఫోటో బాగుంటుందని ఈల వేసేవాళ్లున్నారు. మీవాళ్లు వేశారని అనడం లేదు. వేల మైళ్ల దూరం నుంచి వచ్చిన పరజలు, మేత తిని బలం పట్టాలి. ఊరికే లేపితే పాపం.

ఇక రోడ్డు మీద ధాన్యం. ఇది మాసూళ్ల కాలం, ఆరబెట్టుకోవడానికి కళ్లాలు లేనివాళ్లు రోడ్డు వారనే పోస్తారు. రాత్రిపూట బరకాలు కప్పి అంచున రాళ్లు పెడతారు. మంచులో ఆ రాళ్లు కనబడవు. సంక్రాంతి వెళ్లాక వస్తే ఆ బెడద తగ్గుతుంది, అప్పటికి దాళ్వా నాట్లు పడుతుంటాయి, చూడ్డానికీ బాగుంటుంది.

హైదరాబాద్_హబ్ | సోమవారం మధ్యాహ్నం 1:05

లంకమనిషి గారూ, ఒక సందేహం. కొల్లేట్లో చేపల చెరువులన్నీ 2006లో కొట్టేశారు కదా? మరి ఇప్పుడు ఎక్కడ చూసినా చెరువులే అంటున్నారేమిటి?

లంకమనిషి | సోమవారం సాయంత్రం 6:30

కొట్టారండి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని ప్రకటించారు, ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో కూడా చేరింది. 2006లో యంత్రాలు పెట్టి, మందుగుండు పెట్టి గట్లు తీశారు. తర్వాత మెల్లగా మళ్లీ లేచాయి. కాంటూరు బయట జిరాయితీ భూముల్లో ఉన్నవి వేరు. బతుకుతెరువు చేపలే అయిపోయింది, వరి పండని పల్లం ఇది. ఎవరిది తప్పు అన్నది ఒక్క మాటలో తేలదు.

నీటికి మాత్రం దారి కావాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ ఇందులోనే పడతాయి, పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బెజవాడని ముంచిన బుడమేరు నీళ్లు తర్వాత మా మీదకే వచ్చాయి. మీరు తొక్కిన ఏలూరు–కైకలూరు రోడ్డు మీదే నీళ్లు పారాయి, రాకపోకలు ఆగిపోయాయి. పెదఎడ్లగాడి వంతెన ఖానాల దగ్గర మీరు చూసిన గుర్రపుడెక్క ఉంది చూడండి, అది అడ్డం పడితే నీరు ఇంకా నెమ్మదిగా దిగుతుంది. ఈసారి వచ్చినప్పుడు వంతెన మీద నిలబడి కింద నీరు ఎటు పోతోందో చూడండి, మొత్తం అర్థమవుతుంది.

భీమవరం_వీల్స్ | సోమవారం సాయంత్రం 6:55

ధన్యవాదాలండి. ఆ రోడ్డు మీద ఇన్నేళ్లు తిరిగాను, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఏలూరు_పెడల్ గారూ, వచ్చే రైడులో వంతెన దగ్గర పావుగంట కాదు, అరగంట పెట్టండి. ఈయన వస్తానంటే అక్కడే అందరికీ చెప్పిద్దాం.

బివా_ఒడ్డున | సోమవారం రాత్రి 7:40

నేను జపాన్‌లో ఓత్సు దగ్గర ఉంటాను, సొంతూరు కైకలూరు. ఇక్కడి బివా సరస్సు చుట్టూ తిరిగితే దాదాపు 200 కిలోమీటర్లు. 2019లో జాతీయ సైకిల్ రూటుగా గుర్తించారు, రోడ్డు మీద నీలం బాణాలు గీసి ఉంటాయి. ఇక్కడ అందరూ సరస్సుని ఎడమ చేతి వైపు ఉంచుకుని తిరుగుతారు. జపాన్‌లోనూ మనలాగే ఎడమవైపు ప్రయాణం కాబట్టి, అలా తిరిగితే నీళ్లకీ మనకీ మధ్య ఎదురు లారీలు ఉండవు, ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు. మీరు ఏలూరు నుంచి కైకలూరు మీదుగా పోయిన దిక్కు కూడా సరిగ్గా అదే. దాన్ని మార్చకండి. రివర్సులో పోదాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.

పెదపాడు_ప్యాచ్ | సోమవారం రాత్రి 8:20

పంక్చర్ల గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. ఈ రూటులో ముళ్లంటే సర్కారు తుమ్మ ముళ్లే. ఆదివారం మా ముందు చక్రానికి దిగింది. ట్యూబు మార్చే తొందరలో చాలామంది టైరు లోపల చూడరు. ట్యూబు తీశాక వేలితో టైరు లోపలి వైపు నెమ్మదిగా చుట్టూ తడమాలి. మా దాంట్లో ముల్లు విరిగి రబ్బరులోనే ఉండిపోయింది, బయటికి నల్లచుక్కలా కూడా కనబడలేదు. లోపల మాత్రం వేలికి చురుక్కుమంది. గోటితో రాలేదు, సేఫ్టీ పిన్నుతో లోపల్నుంచి బయటికి పొడిస్తే వచ్చింది. అది తీయకుండా కొత్త ట్యూబు వేసి ఉంటే కిలోమీటరులో మళ్లీ అదే పని.

రోడ్ బైకుల వాళ్లకి ఇంకో మాట. మీ ట్యూబులకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. ఊళ్లో పంక్చరు షాపుల గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది, ఒకటి బ్యాగులో ఉంచుకోండి. సైకిల్‌కి సరిపోయే ట్యూబులు రెండు, టైరు లీవర్లు, పంపు, చైను లింకు. ఇవి లేకుండా ఎవరినీ రానివ్వొద్దు అంటాను.

బెజవాడ_రాండో | సోమవారం రాత్రి 9:05

ఎదురుగాలి గొడవకి తిరిగొస్తా. పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నా. ఆకివీడు–గణపవరం దారి ఉత్తరానికి కాస్త తూర్పుగా పోతుంది. గాలి ఈశాన్యం నుంచి. అంటే నేరుగా ఎదురు కాదు, కుడి భుజం మీదుగా వస్తుంది. అలాంటప్పుడు గాలి తగలని నీడ ముందువాడి వెనక ఉండదు, వెనక ఎడమ పక్కన ఉంటుంది. మనవాళ్లంతా రోడ్డు ఎడమ అంచునే వరసగా తొక్కుతారు కదా, ఇంక ఎడమకి జరగడానికి చోటెక్కడ? మట్టిలోకి దిగాలి. పద్నాలుగు మంది వరసలో మొదటి ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ నీడ దొరకదు. గుంపు ముక్కలైంది అందుకే. బలం తక్కువై కాదు.

కాబట్టి నాలుగేసి మంది. ముందున్నవాళ్లు అంచుకి ఒక మీటరు లోపలికి ఉంటారు, వెనకవాళ్లు కాస్త కాస్త ఎడమకి జరిగి నిలబడతారు. రెండు నిమిషాలకోసారి ముందువాడు మారాలి, అలసిపోయాక కాదు. వెనక లారీ వస్తే చివరివాడు కేక వేస్తాడు, అందరూ ఒకే వరసలోకి వచ్చేస్తారు. ప్రతి నలుగురిలో గట్టిగా తొక్కేవాళ్లు ఇద్దరు, కొత్తవాళ్లు ఇద్దరు. ఇలా అయితే మీరు కోరుకున్నట్టు ఎవరూ ఒంటరి కారు, నేను అన్నట్టు అందరినీ ఒకే తాడుకి కట్టక్కర్లేదు.

ఏలూరు_పెడల్ | సోమవారం రాత్రి 9:30

అన్నా, ఇది సరిగ్గా కుదిరింది. చివరి నలుగురి వెనక స్వీప్‌గా, ఎవరూ వెనకబడిపోకుండా చూసుకుంటూ, నేనుంటాను.

భీమవరం_వీల్స్ | సోమవారం రాత్రి 9:35

నాకు సమ్మతమే. ముందు వారమే ఎవరెవరు ఏ నలుగురో చెప్పండి, ఒకసారి భీమవరం–ఉండి రోడ్డు మీద కలిసి తొక్కి అలవాటు పడతాం. పక్క మనిషి చక్రానికి ఎంత దగ్గర ఉండాలో మాటల్లో చెబితే రాదు.

గుడివాడ_గేర్ | మంగళవారం ఉదయం 6:50

బయల్దేరే టైము సంగతేంటి? పొగమంచు జనవరిలో ఇంకా ఎక్కువ. ఏడుకి ముందు ఆ రోడ్డు మీదకి వెళ్లొద్దని నా మాట. చేపల లారీ డ్రైవరు రాత్రంతా బండి తోలి ఉంటాడు, వాడికి మనం కనబడం.

ఏలూరు_పెడల్ | మంగళవారం ఉదయం 7:15

నిజమే. ఏడున్నరకి పెడదాం. మంచు ఉంటే విడేదాకా ఏలూరులోనే ఆగుదాం, ఎంతసేపైనా సరే. దానివల్ల ఆలస్యమైతే భీమడోలు నుంచి ఏలూరు దాకా ఎండలో తొక్కాలి, కానీ ఆ ముక్కలో గాలి మనకి అనుకూలం, ఏలూరు కాలువ పక్కనే దారి, చెట్ల నీడ కొంత ఉంటుంది. వెనకా ముందూ లైట్లు లేనివాళ్లని మాత్రం పొద్దునే వెనక్కి పంపిస్తాను, దయచేసి నొచ్చుకోవద్దు.

తణుకు_తమ్ముడు | మంగళవారం ఉదయం 7:40

నేను వస్తున్నా అన్నయ్యా. లైట్లు ఈరోజే కొంటా. భీమవరం ప్రాక్టీసుకి కూడా వస్తా.

లంకమనిషి | మంగళవారం ఉదయం 9:10

వంతెన దగ్గరకి నేను వస్తానండి. వచ్చే ముందు రోజు ఇక్కడ ఒక మాట రాయండి చాలు. బాతుల మందలు కోత అయిన చేలల్లోకి పొద్దున తొమ్మిదికి అటూ ఇటూగా రోడ్డు దాటతాయి. వందల బాతులు, అన్నీ దాటేదాకా ఆగండి, మధ్యలోంచి దూరకండి. తోలేవాడు ఒక్కడే ఉంటాడు, చెదిరితే పొద్దుగూకేదాకా వెతుక్కోవాలి వాడు.

ఏలూరు_పెడల్ | మంగళవారం ఉదయం 9:30

తప్పకుండా అండి. తేదీ ఖాయం కాగానే ఇక్కడే రాస్తాను. వచ్చేవాళ్లు పేరు, సైకిల్ రకం, ఇప్పటిదాకా తొక్కిన పెద్ద దూరం కింద రాయండి. వాటిని బట్టి నలుగురేసి జట్లు వేస్తాను. పన్నెండు మంది నిండగానే మూడు జట్లు, ఇరవై దాటితే రెండు రోజులుగా విడదీస్తాను. ఆ రోడ్డు మీద అంతకంటే పెద్ద గుంపు వద్దు.